ఒకే పుట, పలువురి కలము: సాహిత్య సంస్థల కార్యదర్శులకు బహిరంగ లేఖ

మహాశయులారా,

హైదరాబాదు నగరమున ఆదివారము సాయంకాలము ఒక పుస్తకావిష్కరణమునకు పోదలచిన పాఠకుని అవస్థను మొదట మీ దృష్టికి తెచ్చుట న్యాయమని తోచుచున్నది. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఒక కథాసంపుటి, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రమున ఒక కవితాసంపుటి, తిలక్ రోడ్డు మీది సారస్వత పరిషత్తులో ఒక శతజయంతి ప్రసంగము, బంజారాహిల్సు లామకానులో ఒక నాటక పఠనము, ఈ నాలుగును ఒకేనాడు ఒకే వేళ మొదలగుటయు, నాలుగింటికిని పోదగిన శ్రోతలు ఇంచుమించుగా ఒకే సమూహమగుటయు, ఆ సమూహము నాలుగు ముక్కలుగా చీలి ప్రతి మందిరములోను వెనుక వరుసలు ఖాళీగా నుండుటయు, మరునాడు ప్రతి కార్యదర్శియు తెలుగువారిలో సాహిత్యాభిమానము సన్నగిల్లినదని వాపోవుటయు మనకు చిరపరిచితములైన సంగతులే. అభిమానము సన్నగిల్లలేదు మహాశయులారా! దానిని ఒక్క సాయంకాలమునకు నాలుగుచోట్లకు పిలిచితిమి. తరువాతి మూడు సాయంకాలములును పిలిచినవారు లేరు.

ఇట్లగుటకు కారణము ఎవరి దుర్బుద్ధియు కాదు. మన సంస్థలలో తేదీ ఖాయమగు పద్ధతియే అట్టిది. కార్యదర్శి మొదట ముఖ్య అతిథి నడుగును. ఆయన తన వీలు చూచి రెండు తేదీలు చెప్పును. ఆ రెంటిలో మందిరము దొరకిన తేదీ నిలుచును. అధ్యక్షుని పేరు, ఆత్మీయ అతిథుల పేర్లు, వారి ఛాయాచిత్రములు కూర్చి ఒక రంగుల ఆహ్వానపత్రిక తయారగును. అది వాట్సాప్ బృందములలో వెలువడినప్పుడు గాని తక్కిన సంస్థలవారికి ఆ తేదీ సంగతి తెలియదు. తెలియునప్పటికి వారి ఆహ్వానపత్రికయు సిద్ధమై యుండును. దినపత్రికల నగర సంచికలలో నేటి కార్యక్రమములని వచ్చు నాలుగు పంక్తులు శ్రోతకు ఉపకరించును గాని, అవి సభ జరుగునాటి ఉదయమున వెలువడునవి కావున తేదీల తాకిడిని ప్రకటింపగలవే తప్ప నివారింపజాలవు. పైగా ఆ రంగుల ఆహ్వానము ఒక బొమ్మ. ఒకసారి పలువురికి పంపిన పిదప అందులోని అక్షరమును దిద్దుటకు వీలులేదు. వేదిక మారినచో క్రొత్త బొమ్మ చేసి పంపవలెను. పాత బొమ్మ మాత్రము చావదు. అది ఒక బృందమునుండి మరియొక బృందమునకు వారములకొలది తిరుగుచు, వయోవృద్ధులైన సాహిత్యప్రియులను ఆటో మాట్లాడుకొని సభ లేని మందిరమునకు పోవునట్లు చేయుచుండును.

నా మనవి ఇది. నగరములోని సాహిత్య, సంగీత, నాటక సంస్థలన్నిటికిని కలిపి అంతర్జాలమున ఒకే క్యాలెండరు ఉండవలెను. దానిని ఎల్లరును చూడగలుగవలెను. ప్రతి సంస్థనుండియు ఇద్దరికి దానియందు వ్రాయుటకును దిద్దుటకును అధికార ముండవలెను. చూచుట విషయమున ఎవరికిని ఆక్షేపణ యుండదు. ఆక్షేపణ యంతయు దిద్దుట అను మాట మీదనే వచ్చును. అందరి చేతికిని కలమిచ్చినచో అల్లరి యగునని, ఎవరైన ఒకరు నమోదు చేయుచుండగా తక్కినవారు వారికి తెలియజేసినచో చాలునని పలుకు పెద్దలు ప్రతి కార్యవర్గములోను నుందురు. ఈ లేఖ ముఖ్యముగా వారి నుద్దేశించి వ్రాయుచున్నాను.

ఆ ఒకరు ఎవరు? సాధారణముగా కంప్యూటరు తెలిసిన ఒక యువ సభ్యుడు. మొదటి నెలలో అతడు ఉత్సాహముతో ప్రతి సభను ఎక్కించును. రెండవ నెలలో రాత్రి పదింటికి వేదిక మారినదని ఒకరు, అతిథి మారెనని ఒకరు, గంట మారెనని మరియొకరు ఫోను చేయుట మొదలగును. మూడవ నెలలో అతనికి పరీక్షలో, ఉద్యోగపు బదిలీయో, పెండ్లియో తటస్థించును. అప్పటినుండి క్యాలెండరులో సగము సభ లుండును, సగ ముండవు. నమోదు సగము గల క్యాలెండరు అసలు లేని క్యాలెండరుకంటె హానికరము. ఏలయన, అందులో ఖాళీగా కనబడు సాయంకాలము నిజముగా ఖాళీయో, ఎక్కింపబడనిదో చూచువానికి తెలియదు, తెలియక దానిని నమ్మి తన సభను అచ్చటనే నిలుపును. పని యంతయు ఒక్కని మీద వేసి, ఆ యొక్కడు అలసినప్పుడు సాధనమును నిందించుట మన సంస్థలకు అలవాటైన యన్యాయము. ఎవరి సభ వేళ మారినదో వారికే ఆ మార్పు అందరికంటె ముందు తెలియును; తెలిసినవాని చేతనే కలముండుట సహజమైన యేర్పాటు.

వేర్వేరు చేతులు వేర్వేరు పుటలలో వ్రాసికొన్నప్పుడు ఏమగునో మన దేశమునకు తెలియనిది కాదు. 1952లో భారత ప్రభుత్వము మేఘనాద్ సాహా అధ్యక్షతన నియమించిన పంచాంగ సంస్కరణ సంఘము దేశమున వాడుకలోనున్న పలు పంచాంగములను పరిశీలించి 1955లో తన నివేదికను సమర్పించినది. తత్ఫలితముగా శకసంవత్సరమును ఆధారముగా గొన్న జాతీయ పంచాంగము 1957 మార్చి 22న, అనగా శక 1879 చైత్రము 1వ తేదీన, ప్రభుత్వ వ్యవహారములందు ప్రవేశించినది. ఐనను దృక్సిద్ధాంతమును నమ్మినవారును పూర్వసిద్ధాంతమును నమ్మినవారును ఎవరి గణితము వారు చేసికొనుచుండుటచేత, నేటికిని ఏదో యొక పండుగ రెండు దినములుగా వచ్చుటయు, మీ కెప్పుడని ఇరుగుపొరుగువారు ఒకరి నొకరు అడుగుకొనుటయు మానలేదు. పండితుల నడుమనున్నది గణితభేదము, దానికొక శాస్త్రమైన గలదు. మన సభల నడుమ అట్టి శాస్త్రభేద మేదియు లేదు. ఎవరి డైరీ వారి సంచిలో నుండుట యొక్కటియే మన భేదము.

సాధనము కొరకు వెదుకబనిలేదు. 2006 ఏప్రిలులో వెలువడిన గూగుల్ క్యాలెండరు మీలో చాలమంది చేతిఫోనులందు ఇదివరకే యున్నది. మైక్రోసాఫ్ట్ వారి ఔట్‌లుక్, ఆపిల్ వారి క్యాలెండరు మొదలగునవియు ఇట్టి పనినే చేయును. 1998లో ప్రకటితమై 2009లో సవరింపబడిన ఐక్యాలెండర్ అను ప్రమాణమును ఇవి యన్నియు పాటించుట వలన ఒకదానిలో వ్రాసినది మరియొకదానిలో చదువుటకు వీలగుచున్నది. గూగుల్ క్యాలెండరును ఇతరులతో పంచుకొనునప్పుడు అధికారము నాలుగు అంతస్తులుగా నుండును. ఆ వేళ తీరిక యున్నదో లేదో మాత్రమే కనబడుట మొదటిది. వివరము లన్నియు కనబడుట రెండవది. నమోదులను చేర్చుటకును మార్చుటకును వీలుండుట మూడవది. మార్చుటయే గాక ఇట్టి అధికారములను ఇతరుల కిచ్చుటకును, ఇచ్చినవారినుండి తీసికొనుటకును వీలుండుట నాలుగవది. లోకమున కెల్ల రెండవ అంతస్తు చాలును. ప్రతి సంస్థ ప్రతినిధులకును మూడవది ఇండు. నాలుగవది సంస్థలన్నియు కలిసి నమ్మదగిన ముగ్గురికి మాత్రమే, అదియు ముగ్గురును మూడు వేర్వేరు సంస్థలవారై యుండునట్లు ఇండు. మూడవదానికిని నాలుగవదానికిని గల భేదమును గుర్తింపకపోవుటయే తరచు తగవులకు మూలము: కొందరు భయపడి ఎవరికిని ఏమియు ఇయ్యరు, కొందరు ఔదార్యము పొంగి అందరికిని అన్నియు ఇత్తురు, పిదప ఎవరు ఎవరిని చేర్చిరో తెలియని స్థితి వచ్చును.

ఇక అల్లరి మాట. పలువురు దిద్దు పుటలో చెడుపు జరుగదని నేను చెప్పను. కాని, పెద్దలు భయపడు చెడుపు ఒకటి, నిజముగా జరుగు చెడుపు మరియొకటి. ఒక సంస్థపై కినుక గలవాడు ఆ సంస్థ సభను తుడిచివేయునని వారి భయము. గూగుల్ క్యాలెండరునందు తుడిచివేసిన నమోదు వెంటనే నశింపదు. అది చెత్తబుట్ట యందు ముప్పది దినముల వరకు నుండును, దిద్దు అధికారము గలవారు దానిని మరల తీసి యథాస్థానమున నుంచవచ్చును. పంచుకొనిన క్యాలెండరులో నమోదును ఎవరు సృష్టించిరో వారి పేరును సామాన్యముగా కనబడుచుండును. ఇట్లు పట్టుబడుటకును పునరుద్ధరించుటకును వీలున్న చోట పగవాడు శ్రమపడి చేయగలిగినది కొంచెమే.

నిజముగా చెడుపు చేయువాడు పగవాడు కాడు, తొందరపడు మిత్రుడు. ఆయన తన సభను నమోదు చేయబోయి, ఇదివరకున్న మరియొకరి నమోదును తెరచి, దాని మీదనే తన పుస్తకము పేరు వ్రాసి భద్రపరచును. ఏదియు తుడిచివేయబడలేదు కావున చెత్తబుట్టలో ఏమియు నుండదు. పైనుండి వ్రాసిన వ్రాతయే మిగులును, క్రిందిది పోయినది పోయినట్లే. తెలుగు వికీపీడియాలో ఐనచో ప్రతి వ్యాసమునకును చరిత్ర యను పుట యొకటి యుండి, ఏ దినమున ఎవరు ఏ అక్షరము మార్చిరో చూచి పాత కూర్పునకు మరలుటకు వీలుండును. 2003లో మొదలైన ఆ విజ్ఞానసర్వస్వము అజ్ఞాతుల చేతులకు సయితము కలమిచ్చి నిలిచియుండుటకు ఆ పుటయే కారణమని నా యభిప్రాయము. మనము వాడుకొను ఉచిత క్యాలెండరులందు సామాన్య వినియోగదారునకు అట్టి చరిత్ర కనబడదు. ఒకే నమోదును ఇద్దరు ఒకే నిమిషమున తెరచి దిద్దినప్పుడు సయితము సాధారణముగా చివర భద్రపరచినవాని మాటయే నిలుచును. కనుక తుడిచివేతకు భయపడుట మాని, పైవ్రాతకు భయపడుట నేర్చుకొనవలెను.

దీనికి విరుగుడు కలమును లాగికొనుట కాదు. క్యాలెండరు అమరికలలో, క్రొత్త నమోదు చేరినప్పుడును, ఉన్నది మారినప్పుడును, రద్దయినప్పుడును ఈమెయిలు ద్వారా తెలియజేయుమని ఎవరికి వారు కోరుకొనవచ్చును. నాలుగవ అంతస్తు గల ముగ్గురును ఈ మూడింటిని కోరుకొని, వచ్చిన ఈమెయిళ్లను తుడిచివేయక దాచినచో, క్యాలెండరు ఇయ్యని చరిత్ర వారి తపాలాపెట్టెలో కొంతవరకు తానే పోగగును. వారిలో ఒకరు వారమున కొకసారి క్యాలెండరు మొత్తమును ఎగుమతి చేసి ఒక ప్రతిని దాచినచో మిగిలిన భయమును తీరును. ఇంతకు మించిన కట్టుదిట్టములు మన సభలకు అనవసరము. మనము కాపాడుచున్నది ఖజానా కాదు.

నియమములు కొద్దిగా నుండవలెను గాని, అవి ఎల్లరకును కంఠస్థములై యుండవలెను. ఎవరి నమోదును వారే దిద్దవలెను. మరియొకరి నమోదులో తప్పు కనబడినచో వారికి ఫోను చేయవలెనే తప్ప స్వయముగా దిద్దరాదు, ఆ తప్పు సభ నాటి ఉదయమున కనబడి, వారు ఫోను తీయనప్పుడు తప్ప. మందిరమునకు డబ్బు కట్టిన సంస్థయే నమోదు చేయవలెను. లేనిచో సంయుక్త నిర్వహణలో జరుగు సభ రెండుమారులు ఎక్కి, ఒకటి దిద్దబడి ఒకటి దిద్దబడక, శ్రోతకు రెండు వేళలు చూపును. రద్దయిన సభను తుడిచివేయరాదు. దాని పేరునకు ముందు ‘రద్దయినది’ అని చేర్చి అట్లే యుంచవలెను, ఏలయన నిన్న చూచినవాడు నేడు అది కనబడనిచో తన కన్నులనే అనుమానించును. భద్రపరచుటకు ముందు అది ఏ క్యాలెండరులోనికి పోవుచున్నదో చూచుకొనవలెను. ఫోను తన ఇష్టముననే స్వంత క్యాలెండరును చూపుచుండును, కార్యదర్శి తన సభను అందరికిని చాటితినని నమ్మియుండగా అది ఆయన కొక్కనికే కనబడుచుండును. ఈ చివరి పొరపాటు అన్నిటికంటె సామాన్యమైనది, అన్నిటికంటె ఆలస్యముగా బయటపడునది.

తేదీ ఇంకను ఖాయము కాని సభను సయితము నమోదు చేయుడు. ముఖ్య అతిథి నడుగుటకు ముందే చేయుడు. పేరునకు ముందు ‘ప్రతిపాదితము’ అని వ్రాయుడు. తాకిడిని నివారించు శక్తి యంతయు ఈ తొలి నమోదులోనే యున్నది. కాని, ప్రతిపాదితము రెండు వారములలో ఖాయము కానిచో దానిని తొలగించు నియమము తప్పక యుండవలెను. లేనియెడల, ఈ నగరమున ఖాళీ స్థలములకు పట్టిన గతియే ఖాళీ సాయంకాలములకును పట్టును. సంవత్సరము పొడుగునను రెండవ ఆదివారములను ముందే కబ్జా చేసి కూర్చుండు సంస్థలు మనలో లేవని ప్రమాణము చేయగలవా రెవరు?

నెలనెలా జరుగు సభల విషయమున మరికొంత జాగ్రత్త వలయును. ప్రతి నెల రెండవ ఆదివారమునాడు జరుగు కథాచర్చను ఒక్కసారి వ్రాసి, నెలనెలా పునరావృత్తి కావలెనని చెప్పినచో క్యాలెండరు తానే అన్ని నెలలలోను నింపును. ఇంతవరకు సుఖమే. ఏదో యొక నెల సంక్రాంతి యడ్డువచ్చి సభను మూడవ ఆదివారమునకు జరుపునప్పుడు, ఈ ఒక్క నమోదును మాత్రమే మార్చవలెనా, దీనిని దీని తరువాతి వానిని మార్చవలెనా, అన్నిటిని మార్చవలెనా అని క్యాలెండరు అడుగును. కన్నుమిన్ను కానని తొందరలో మూడవదానిని నొక్కినవాని వలన ఆ సంస్థ సభలన్నియు ఒక్క క్షణమున స్థానభ్రంశము చెందును. గడచిపోయిన నెలల సభలు సయితము జరుగని తేదీలకు పోయి కూర్చుండును. కావున పునరావృత్త నమోదులను ఒక్క సంస్థలో ఒక్కరే ముట్టవలెను, ముట్టినప్పుడు మొదటిదానినే నొక్కవలెను.

ఇట్టి పునరావృత్తి తిథులకు పనికిరాదు. గురజాడ జయంతి సెప్టెంబరు 21, కాళోజీ జయంతి సెప్టెంబరు 9, ఇవి ఏటేట తామే వచ్చును. త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమినాడు, ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమినాడు. వీని ఆంగ్ల తేదీ ప్రతి సంవత్సరమును మారును, మన ఫోనులోని పునరావృత్తి పట్టికకు తిథి యనగా నేమో తెలియదు. ఏటికొకమారు పంచాంగము ముందు పెట్టుకొని ఒక తెలిసినవారు కూర్చుండి తిథులతో ముడిపడిన సభలను చేతితో ఎక్కింపవలసినదే. ఈ పనికి పదవీవిరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయునికంటె తగినవా రుండరు. వారికి దిద్దు అధికార మిచ్చుటకు సంకోచింపకుడు, ఫోనులో తెలుగు టైపు చేయుట వారు మీకంటె త్వరగానే నేర్చుకొందురు.

2020లో మహమ్మారి వచ్చి మందిరములు మూతపడిన నాటినుండి మన సభలలో చాలభాగము జూమ్ మీదకు పోయి, మందిరములు తెరచిన తరువాతను కొన్ని అచ్చటనే నిలిచినవి. డాలస్ నగరమున ‘నెల నెలా తెలుగు వెన్నెల’ జరుపువారును, ఇచ్చట కథాచర్చ జరుపువారును నేడు ఒకే శ్రోతను పంచుకొనుచున్నారు. కాలమాన భేదము ఇచ్చట క్యాలెండరునకు అసలైన పరీక్ష. భారతీయ కాలమానము ఏడాది పొడుగునను మారదు. అమెరికాలో మార్చి రెండవ ఆదివారమునుండి నవంబరు మొదటి ఆదివారము వరకు గడియారము ఒక గంట ముందునకు జరుపుదురు. డాలసులో ఉదయము 10 గంటలకని పెట్టిన సభ చలికాలమున మనకు రాత్రి 9.30కు, వేసవిలో రాత్రి 8.30కు వచ్చును. నమోదులో వేళను వేళగా వ్రాసి, కాలమానమును సరిగా ఎన్నుకొన్నచో ఈ లెక్క యంతయు క్యాలెండరే చేసి ఎవరి ఊరి వేళ వారికి చూపును. కాని, మనవారిలో పలువురు నమోదును ‘రోజంతా’ అని పెట్టి, ‘సాయంత్రం 6 గంటలకు’ అని సభ పేరులో వ్రాయుదురు. ఆ ఆరు ఏ ఊరి ఆరో క్యాలెండరునకు తెలియదు. పేరులోని అంకెను అది ముట్టదు. డాలసులోని శ్రోత తన యూరి సాయంత్రము ఆరింటికి లంకెను నొక్కి కూర్చుండును. ఇచ్చట అప్పటికి మరునాటి ఉదయము.

పాస్‌వర్డు సంగతి ఇక చెప్పవలెను. పలువురు దిద్దుట యనగా సంస్థ పేర ఒక జీమెయిలు ఖాతా తెరచి, దాని పాస్‌వర్డును కార్యవర్గమంతటికిని వాట్సాపులో పంపుట యని చాలచోట్ల అర్థము చేసికొనుచున్నారు. అది పంచుకొనుట కాదు, పారవేయుట. అట్లు చేసినచో ఎవరు వ్రాసిరో తెలియదు, అందరి పేరును ఒక్కటే. ఒకరు అలిగి పాస్‌వర్డు మార్చినచో తక్కినవారందరును వీధిలో నుందురు. క్రొత్త ఫోనునుండి తెరచునప్పుడు వచ్చు సంకేతసంఖ్య ఎప్పుడో రాజీనామా చేసిన కోశాధికారి నంబరునకు పోవుచుండును. ఎవరి ఖాతాతో వారు వచ్చి, తమకిచ్చిన అధికారముతో వ్రాయుటకే ఆ నాలుగు అంతస్తు లున్నవి. అట్లని, క్యాలెండరును ఒక్క వ్యక్తి స్వంత ఖాతాలో పుట్టించి మరచిపోవుటయు మంచిది కాదు. కార్యదర్శులు మారుదురు; కొందరు పిల్లల దగ్గరకు విదేశములకు పోవుదురు; కొందరు కాలధర్మము నొందుదురు. రెండు సంవత్సరములు ఎవరును తెరువని వ్యక్తిగత ఖాతాను, అందలి సమస్తముతోను, తుడిచివేయ వచ్చునను నియమమును గూగుల్ వారు 2023లో ప్రకటించి, ఆ డిసెంబరునుండి అమలునకు తెచ్చిరి. ఏటేట కార్యవర్గ మెన్నిక ముగిసిన దినముననే, లెక్కల పుస్తకముతో పాటు, క్యాలెండరుపై ఎవరి కేమి యధికారమున్నదో చూచి, వెళ్లినవారిని తొలగించి వచ్చినవారిని చేర్చుట ఒక ఆచారముగా పెట్టుకొనుడు.

మరియొక చిన్న మాట. లోకమంతయు చూచు పుటలో వక్తల సొంత ఫోను నంబర్లును ఇంటి చిరునామాలును వ్రాయకుడు. సంస్థ నంబ రొక్కటి చాలును. మార్పులు చూచువారి ఫోనులకు చేరుటలో కొన్ని గంటల ఆలస్య మగుటయు గలదు, ముఖ్యముగా ఒక కంపెనీ క్యాలెండరును మరియొక కంపెనీవారి సాధనములో తగిలించుకొని చూచునప్పుడు; కావున సభ నాడే వేదిక మారినచో క్యాలెండరు దిద్దితిమని ఊరకుండక ఫోనులును చేయుడు.

ఇన్ని చెప్పిన తరువాత, మీ సంకోచమునకు అసలు కారణము అల్లరి భయము కాదని అనుటకు సాహసించుచున్నాను. తేదీని ముందుగా ఇతరులకు తెలియనిచ్చుటయే మనకు కష్టము. ముఖ్య అతిథిని పొరుగు సంస్థవారు ఎగరవేసికొని పోదురేమో యని ఒక శంక. మన సభ చిన్నదని అందరి సభల సరసన నిలిపినప్పుడు తేలిపోవునేమో యని ఒక శంక. మన పుటలో మరియొకరు వ్రాయుట మన యాధిక్యమునకు లోప మని ఒక భావము. నలుబది యేండ్లుగా సంస్థను స్వంత ధనముతో నడుపుకొని వచ్చిన పెద్దలకు ఈ భావము కలుగుట నేను తప్పుపట్టను. కాని, ఆ నలుబది యేండ్ల శ్రమ దేనికొరకు జరిగినదో ఆ శ్రోతయే ఇప్పుడు నాలుగు మందిరముల నడుమ చీలిపోవుచున్నాడు.

తాకిడిని అన్నివేళలను తప్పింపజాలమనుట నిజమే. ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతినాడు, తెలుగు భాషా దినోత్సవము జరుపని సంస్థ యుండదు. ఆ యొక్క సాయంకాలమును ఏ క్యాలెండరును విడదీయలేదు. (వ్యావహారికమునకై జీవితము ధారపోసిన ఆ మహనీయుని పేరును ఇట్టి గ్రాంథికములో తలచుట చూచి ఆయన నవ్వియుందురు.) ఐనను ఒకే దినమున పది సభలున్నప్పుడు గంటలనైన పంచుకొనవచ్చును: కొన్ని ఉదయము, కొన్ని మధ్యాహ్నము. అందుకును ఒకరి గంట ఒకరికి కనబడవలెను.

ఆరంభమునకు ఉగాది కవిసమ్మేళనములు తగినవి. ఆ దినము ఎవరి చేతిలోను లేదు, గంట మాత్రము మన చేతిలో నున్నది; పిలువబడు కవులు చాలవరకు వారే, ఒక మందిరమునుండి మరియొక మందిరమునకు కండువాతోనే పరుగెత్తువారును వారే. మీలో ముగ్గురు కలిసి ఈ నెలలోనే ఒక క్యాలెండరు తెరచి, తక్కిన సంస్థల ప్రతినిధులకు దిద్దు అధికార మిచ్చి, రాబోవు ఉగాది సభల వేళలను ‘ప్రతిపాదితము’ అని ఎక్కింపుడని, ఎక్కించిన పిదప మాత్రమే ముఖ్య అతిథులకు ఫోను చేయుడని ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
మీ సభల వెనుక వరుసలో కూర్చుండు ఒక శ్రోత